వీధికి రాని నీళ్ళు

మార్చి 3

పిచ్చుకా,

నీకు ఆఫీసరు హోదా వచ్చిందన్న కబురు తెలిసిన దగ్గర్నుంచి మీ అన్నయ్య కాళ్ళు నేల మీద లేవు. లిఫ్టుల మెకానిక్కు కాబట్టి మామూలుగా కూడా ఉండవనుకో. పైకి వెళ్ళేవాళ్ళకి చెప్పాడు, కిందికి వచ్చేవాళ్ళకి చెప్పాడు, మధ్యలో ఇరుక్కుపోయినవాళ్ళకి ఇంకా తీరిగ్గా చెప్పాడు: "మా చెల్లెలు పన్నుల విభాగంలో ఆఫీసరు" అని. ఇంట్లో మాత్రం నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు కూర్చుంటాడు. ఈ మాటలన్నీ ఎక్కడ దాస్తాడో తోడబుట్టినదానివి, నీకే తెలియాలి.

ఫోను చెయ్యకుండా ఉత్తరాలేమిటని మళ్ళీ అడక్కు. నా లాండ్రీలో మెషిన్లు తిరుగుతుంటే నీ మాట నాకు సగం, నా మాట నీకు పావు. పోయినసారి "ఒంట్లో బాగాలేదు" అంటే "ఇంట్లో బాగాలేదు" అని విని ఏడ్చిన దానివి నువ్వు. అయినా కాగితమైతే నువ్వు మధ్యలో అడ్డు తగలలేవు.

ఇప్పుడా మెషిన్ల గోల కూడా లేదు. వీధి మొదట్లో నీళ్ళ పైపు పగిలిన సంగతి చెప్పాను కదా. దానికి ఏదో కట్టు కట్టి పోయారు. అప్పట్నుంచి నీళ్ళు మా ఏటవాలు వీధి ఎక్కలేక ఆ కట్టు దగ్గరే కూలబడుతున్నాయి, ఒక్క ఇంటికీ రావడం లేదు. మాది కొసాకరి ఇల్లు. కొళాయి తిప్పితే ముసలాడు ఆయాసపడ్డట్టు ఉత్త గాలి వస్తుంది. హోటలు వాళ్ళ దుప్పట్లు, డాక్టర్ల తెల్లకోట్లు మూటల కొద్దీ పడి ఉన్నాయి. ట్యాంకరు కోసం బిందెలతో బారులు తీరి నిలబడుతున్నాం.

పన్ను కాగితానికి మాత్రం ఏ ఎత్తూ అడ్డం కాదు. ఆయాసం లేకుండా గబగబా ఎక్కి వచ్చేసింది. అందులో ఇంటి పన్ను కింద నీటి పన్ను, ఎప్పటిలాగే.

నిన్న వీధి వాళ్ళందరం మా లాండ్రీలోనే కూర్చున్నాం. వాచీలు బాగుచేసే తాతగారు పెద్దరికం వహించారు. ఈసారి ఊరికే కట్టేది లేదని అంతా ఒక్క మాట మీద నిలబడ్డాం. ఏం జరుగుతుందో చూసి రాస్తాను.

ఎండలో తిరక్కు. కొత్త కుర్చీ మెత్తగా ఉందా?

మీ వదిన


మార్చి 11

వదినా,

నీ ఉత్తరం మొదటి సగం చదివి పడి పడి నవ్వాను. రెండో సగం చదివి గడగడా నీళ్ళు తాగాను. మాకిక్కడ నీళ్ళున్నాయి, ఏమనుకోకు.

"ఊరికే కట్టేది లేదు" ఏమిటి వదినా? వీధంతా కలిసి పన్ను ఎగ్గొడతారా? నా పనే అది కాబట్టి చెప్తున్నాను విను. ముందు నోటీసు వస్తుంది, తర్వాత వడ్డీ, ఆ తర్వాత జప్తు. నీ లాండ్రీ తలుపుకి సీలు పడితే ఆ మెషిన్లని నీళ్ళొచ్చాక కూడా తిప్పలేవు. కోపంతో నూతిలో దూకినవాళ్ళు సంతోషంతో పైకి లేస్తారా?

నీ బాధ నాకు తెలియదనుకోకు. నా కొత్త గదికి ఒక కిటికీ ఉంది. అందులోంచి చూస్తే డబ్బు కట్టే కౌంటరు కనబడుతుంది. నిన్న ఒక టాక్సీ డ్రైవరు తిన్నగా నా గదిలోకే వచ్చాడు. "దీపాల పన్ను కడుతున్నాను మేడమ్, మా సందులో ఒక్క దీపం లేదు" అన్నాడు. "అది మా విభాగం కాదండీ" అన్నాను. నేను చెప్పింది నిజమే. ఆయన రసీదు వంక చూశాడు, నా వంక చూశాడు. "విభాగాలు మీకున్నాయి. మాకున్నది ఒక్కటే జేబు" అని వెళ్ళిపోయాడు. ఆ మాట ఇంకా నా చెవిలోనే ఉంది.

అయినా పన్ను అంటే నర్సు జీతం, చెత్త బండి, బడి గోడ. అందరూ మానేస్తే ఏమవుతుంది? పైగా ఆఫీసరైన నెలలోనే సొంత అన్నయ్య ఇల్లు బకాయిదారుల్లో చేరిందంటే నేను ఎవరి మొహం చూడను?

నువ్వేం చెయ్యకు. తొందరపడకు. నేను చూసుకుంటాను.

నీ పిచ్చుక


మార్చి 19

పిచ్చుకా,

నువ్వు చదివింది నా ఉత్తరమేనా, లేక నీ బల్ల మీద ఫైలేమైనానా? "ఊరికే కట్టం" అన్నాను తల్లీ, "కట్టం" అనలేదు. మధ్యలో "ఊరికే"ని నమిలి మింగేసి నాకు జప్తు దాకా తీసుకొచ్చావు!

కట్టాం. వీధి వీధంతా ఒకే రోజు వెళ్ళి కట్టాం. ఎలాగో చెప్తాను, కూర్చో.

ముందురోజు ట్యాంకరు నీళ్ళతోనే ఒక మెషిను తిప్పి, అందరి బట్టలూ నేనే ఉతికి, నేనే ఇస్త్రీ చేశాను. దేబిరించడానికి వచ్చినట్టు ఎవరూ కనబడకూడదు అన్నాను. మర్నాడు పొద్దున్నే మడత నలగని చొక్కాల్లో, చీరల్లో నడిచి వెళ్తుంటే పెళ్ళివారనుకుని ఆటోవాళ్ళు ఆగారు.

మున్సిపల్ ఆఫీసులో కౌంటరు దగ్గర కళ్ళజోడు పెట్టుకున్న గుమస్తా అమ్మాయి ఉంది. మొదట నేనే వెళ్ళాను. డబ్బు కట్టాను, రసీదు తీసుకున్నాను. "అమ్మా, నీటి పన్ను అని రాసి ఉంది. నీళ్ళెక్కడ?" అన్నాను. "అది మా విభాగం కాదండీ" అంది. సరేనని పక్కన బెంచీ మీద కూర్చున్నాను. నా వెనక మా ఎదురింటావిడ. ఆవిడా కట్టింది, అదే ప్రశ్న అడిగింది, అదే జవాబు విని నా పక్కన కూర్చుంది. ఆ వెనక ఇంకొకరు. అరుపుల్లేవు, జెండాల్లేవు. బెంచీలు నిండాయి, మెట్లు నిండాయి, మధ్యాహ్నానికి వరండా నిండింది. పాపం ఆ అమ్మాయి గొంతు జీరపోయింది.

ఎవరో పెద్ద గుమస్తా వచ్చి "డబ్బు కట్టేశారు కదా, ఇంక వెళ్ళండి" అన్నాడు. వాచీల తాతగారు లేచారు.

"బాబూ, నేను నీ వాచీ తీసుకుని, డబ్బూ తీసుకుని, బాగుచెయ్యడం నా విభాగం కాదంటే నన్నేమంటావు?"

పెద్ద గుమస్తా తన చేతి వాచీని రెండో చేత్తో కప్పుకున్నాడు. నవ్వలేక చచ్చాం.

చివరికి కమిషనరే బయటికి వచ్చాడు. "అంత ఎత్తుకి నీళ్ళెక్కవమ్మా, సాధ్యం కాదు" అన్నాడు. సాధ్యం కానప్పుడు పన్నెందుకని అడిగితే, మే నెల మొదటి వారంలో అందరి ముందూ విచారణ పెడతానన్నాడు. అందరి తరఫునా నన్నే మాట్లాడమన్నారు. తిరిగి వస్తూ ఆ ఎత్తు ఎక్కుతుంటే ఎవ్వరికీ అలుపు రాలేదే! మనిషి అడుక్కోకుండా అడిగి వస్తే ఇంత తేలిగ్గా ఉంటుందని నాకిన్నాళ్ళూ తెలియదు.

"నేను చూసుకుంటాను" అన్నావు. ఏమీ చూడకు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వెయ్యడం విన్నాను గాని, పిచ్చుకే వేస్తానంటే భయంగా ఉంది.

మీ వదిన


మార్చి 20

వదినా,

నీ జవాబు ఇంకా రాలేదు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. పరవాలేదు, ఈ ఉత్తరం అందేలోపు నీ కోపం కడుక్కుపోతుంది.

నాతో పాటు ఉద్యోగంలో చేరిన ఒకాయన ఇప్పుడు మీ ఊళ్ళోనే నీళ్ళ ఇంజనీరు. ఆ సంగతి మొన్ననే తెలిసింది. ఇంతకంటే చెప్పను. ఒకరోజు పొద్దున్న కొళాయి తిప్పి చూడు, అదే చెప్తుంది.

అన్నయ్యకి కాస్త అరుగుదల మందు కొను. మొన్న నాకు విడిగా ఒక కార్డు రాశాడు, అందులో సగం పొట్ట గురించే.

సంతోషంతో,
నీ పిచ్చుక


మార్చి 30

పిచ్చుకా,

ఎంత పని చేశావే!

శుక్రవారం పొద్దున్న నలుగురు మనుషులు పలుగులతో వచ్చారు. మా ఇంటి వెనక పై రోడ్డు ఉంది కదా, దాని కింద పెద్ద పైపు పోతుందట. ఇన్నేళ్ళలో మాకు తెలియదు. దాని నుంచి సన్నపాటి గొట్టం ఒకటి లాగి, మా పెరటి గోడకి కన్నం వేసి, మా కొళాయికి తగిలించారు. సాయంత్రానికల్లా నీళ్ళు భళ్ళున పడ్డాయి. మా ఒక్క ఇంటికి.

ఆ వేళకి ట్యాంకరు వచ్చింది. వీధి వాళ్ళంతా బిందెలతో బయటే ఉన్నారు. మా ఇంట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు అందరికీ వినబడింది. నన్ను తిట్టిపోసినా బాగుండేది. మా ఎదురింటావిడ తలుపు వేసుకుంది. వాచీల తాతగారు గుమ్మం దాకా వచ్చి, "అమ్మా, మా తరఫున మాట్లాడతావని నమ్మాం. నీ దాహం తీరింది కదా, ఇంక వేరే మనిషిని చూసుకోమంటావా?" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. అందుకే తట్టుకోలేకపోయాను.

నీ ఇరవయ్యో తారీఖు ఉత్తరం అప్పటికింకా అందలేదు, నన్ను కొనెయ్యాలని ఆఫీసు వాళ్ళే ఇది చేశారనుకుని నీళ్ళ ఇంజనీరు మీదకి వెళ్ళాను. ఆయన నవ్వి, "మీ ఆడపడుచుగారే చెప్పారండీ" అన్నాడు. వచ్చిన దారినే ఇంటికి తిరిగి వచ్చేశాను.

మీ అన్నయ్యకి చెప్పాను. "అది ప్రేమతో చేసింది" అన్నాడు. "తెలుసు" అన్నాను. పానా తీసుకుని పెరట్లోకి వెళ్ళి, ఆ గొట్టానికి మూత బిగించాడు. తర్వాత రెండు బిందెలు పట్టుకుని వీధిలోకి నడిచి వరసలో చివర నిలబడ్డాడు. ఆయన ట్యాంకరు వరసలో నిలబడటం అదే మొదటిసారి. పెళ్ళైనప్పటి నుంచీ ఆయన్ని చూసి అంత పొంగిపోయిన రోజు లేదు.

నీళ్ళు నాకు హక్కుగా రావాలి పిచ్చుకా. నీ పలుకుబడి మీద రాకూడదు. కౌంటరు వెనక కూర్చున్నవాళ్ళు వరస దాటించి పక్కదారిన తమవాళ్ళకి ఇచ్చుకుంటారు కాబట్టే మిగతావాళ్ళకి అందదు. నువ్వూ వాళ్ళలో చేరావా?

మీ వదిన


ఏప్రిల్ 8

వదినగారికి నమస్కారములు.

మీ ఉత్తరం అందింది.

నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఎవరికీ సిఫార్సు చెయ్యలేదు. నా సొంత ఇంటి కాగితానికి కూడా వరసలో నిలబడ్డాను. మా ఆఫీసులో నన్ను వెనకాల మంకుపట్టు మేడమ్ అంటారు. ఆ పేరు నాకిష్టం. జీవితంలో మొదటిసారి ఒక మాట చెప్పాను, అదీ మీ చేతులు బిందెలు మోసి కాయలు కాశాయని అన్నయ్య రాసినందుకు. దానికి మీరు నన్ను "వాళ్ళలో" కలిపేశారు.

పన్ను వసూలు చేసే మేమందరం దొంగలం కాము. మమ్మల్ని తిట్టడం తేలిక, ఎందుకంటే కనబడేది మేమే. డబ్బు మా చేతుల్లోంచి ఎటు పోతుందో నిర్ణయించే గదులు వేరే ఉంటాయి. వాటికి కిటికీలుండవు.

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మీకు నేను పావు మనిషిగా కూడా అక్కరకు రాలేదు. ఇక మీద మీ విషయాల్లో కలగజేసుకోను.

అన్నయ్యని అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ ఆడపడుచు


ఏప్రిల్ 16

పిచ్చుకా,

నన్ను "మీరు" అన్నావు. నా పెళ్ళిలో నా కొంగు పట్టుకుని "వదినా, నువ్వు నా పక్కనే పడుకోవాలి" అన్న పిల్లవి, నన్ను మీరు అన్నావు. "నమస్కారములు" కూడా పెట్టావు. ఆ మాట మీద ఇస్త్రీ పెట్టె పెట్టి అదిమినా దాని మడత పోవడం లేదు.

నిన్ను వాళ్ళలో కలపడం నాకూ నొప్పే. నువ్వు చేసిన పని తప్పు అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. పని వేరు, మనిషి వేరు. అది విడదీసి రాయడం నాకు ఆ పూట చేతకాలేదు.

నువ్వు రాసింది ఒకటికి పదిసార్లు చదివాను. కిటికీలు లేని గదుల మాట. మాకు కనబడనివి నీకు కనబడతాయి. అందుకే ఇప్పుడు నిన్నే అడుగుతున్నాను. నీ పరపతి నాకొద్దు, నీ చదువు కావాలి. విచారణ వచ్చేనెల ఆరో తారీఖున. మీ అన్నయ్య బిగించిన మూత చూశాక తాతగారు మళ్ళీ నన్నే మాట్లాడమన్నారు. నాకు ఇస్త్రీ పెట్టె పట్టుకోవడం వచ్చు గాని మైకు పట్టుకోవడం రాదు. అక్కడ ఏమడగాలి? ఎలా అడిగితే జవాబు చెప్పక తప్పదు?

ఇంకొకటి. కమిషనరు ఎత్తుకి నీళ్ళెక్కవన్నాడు. కానీ వెనక రోడ్డు పైపు మా కంటే పైనే ఉంది. అక్కడి నుంచి నీళ్ళు ఎక్కనక్కర్లేదు, దిగితే చాలు. మూత బిగించిన ఆ గొట్టమే సాక్ష్యం. ఒక ఇంటికి ఒక్క పూటలో ఇచ్చినవాళ్ళు వీధికి ఎందుకివ్వలేరని అడిగితే వాళ్ళ దగ్గర జవాబు లేదు. కానీ అది ఎవరి సిఫార్సుతో వచ్చిందని తిరిగి అడుగుతారు. నేను అబద్ధం చెప్పలేను. నిజం చెప్తే నీ ఉద్యోగానికి దెబ్బ.

నువ్వు వద్దంటే ఆ గొట్టం ఊసే ఎత్తను. అది నీ సిఫార్సుతో వచ్చిందని వీధిలో ఎవరికీ తెలియదు, మీ అన్నయ్యకి తప్ప. ఆయన "దానినే అడుగు" అన్నాడు.

ఎప్పటికీ నీ వదిన


ఏప్రిల్ 24

వదినా,

చెప్పు.

ఈ ఒక్క మాట రాసి ఉత్తరం పోస్టు చేసేద్దామనుకున్నాను. తర్వాత మిగతాది గుర్తొచ్చింది.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఆఫీసులో కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. కౌంటరు ముందు ఎండలో ఎంతమంది! వాళ్ళలో ఒక్కరికి కూడా నాలాంటి ఆడపడుచు లేదు. నేను నీకు చేసింది సాయం అనుకున్నాను. నిజానికి ఆ వరసలో నిన్ను ముందుకి తోశాను, అంటే మిగతా అందర్నీ వెనక్కి తోశాను. ఇది ఒప్పుకోవడానికి నాకు ఇన్ని రోజులు పట్టింది. నేను మంకుపట్టు మేడమ్‌ని కదా.

ఇప్పుడు చదువు సంగతి. చాలా ప్రశ్నలు అడక్కు. పది అడిగితే వాళ్ళు తేలికైన దానికి జవాబు చెప్పి లేస్తారు. ఒక్కటే అడుగు: "మా వార్డులో నీటి పన్ను పేరుతో తీసుకున్నది ఏ పనికి ఖర్చు పెట్టారు?" నీటికని తీసుకున్నది నీటికే పెట్టాలి, అది నియమం. అడిగి ఊరుకో. వాళ్ళు మాట మారుస్తారు, మళ్ళీ అదే అడుగు. నిశ్శబ్దంగా ఉండటమే అన్నిటికంటే కష్టం వదినా. నువ్వు నోరు మూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు కాబట్టి ముందు నుంచే సాధన చెయ్యి.

ఆ తర్వాత గొట్టం సంగతి చెప్పు. ఎవరి సిఫార్సని అడిగితే తడబడకు. మా ఆడపడుచు అని, నా హోదాతో సహా చెప్పు. మా పై అధికారికి నేనే ముందుగా రాసి ఇచ్చేశాను. ఎవరో చెప్తే తెలియడం కంటే నేను చెప్తే తెలియడం మర్యాద. ఆయన చదివి, "ఇదేం పిచ్చమ్మా, ఎవరూ అడగందే!" అన్నాడు. ఆ స్నేహితుడికీ ఫోను చేసి చెప్పాను. మొదట తిట్టాడు. తర్వాత, "పోనీలే, ఆ వీధికి నీళ్ళివ్వచ్చని నేనెప్పుడో రాసిన కాగితం పై ఆఫీసులో మూలుగుతోంది" అన్నాడు.

నిన్నెప్పుడూ మీరు అనను. ఒట్టు.

నీ పిచ్చుక


మే 8

నా బంగారు పిచ్చుకా,

గెలిచాం. ముందు ఆ మాట చదివి మీ ఇంట్లో ఒక గంతు వెయ్యి, తర్వాత మిగతాది చదువు.

విచారణ మున్సిపల్ ఆఫీసు మీటింగు హాల్లోనే. మైకు నా చేతిలో పెడితే చెమటకి జారింది. నువ్వు చెప్పినట్టే ఆ ఒక్క ప్రశ్న అడిగాను. కమిషనరు వర్షాల గురించి చెప్పాడు. ఊరు పెరిగిందని చెప్పాడు. నేను అదే ప్రశ్న మళ్ళీ అడిగి ఊరుకున్నాను. నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నానే! ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. మీ అన్నయ్య వెనక బెంచీ నుంచి నన్నే చూస్తున్నాడు. పెళ్ళాం మాట్లాడకుండా కూర్చోవడం ఆయనకీ కొత్తే.

అప్పుడు ఎవరు లేచారో తెలుసా? ఆ కళ్ళజోడు గుమస్తా అమ్మాయి.

"ఆ రోజు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నా విభాగం కాదని చెప్పి చెప్పి నాకే సిగ్గేసింది సార్. వీళ్ళ జవాబు నాకు తెలుసు. ఆ డబ్బు ఈ ఆఫీసు ముందు ఫౌంటెను కట్టడానికి మళ్ళించారు" అంది. చెప్పాక కూర్చోలేదు, కమిషనరు వంకే చూస్తూ నిలబడింది. నాకు నువ్వే గుర్తొచ్చావు. కౌంటరు వెనక ఉన్నవాళ్ళంతా ఒకటి కాదని నువ్వన్న మాట నా కళ్ళ ముందు నిలబడింది.

పిచ్చుకా, మేం రోజూ చూసే ఆ ఫౌంటెను! మా వీధి నీళ్ళు అక్కడ గాల్లోకి ఎగిరి ఆడుకుంటున్నాయి.

ఇంక హాలు ఊరుకుంటుందా? గోల కాస్త తగ్గాక గొట్టం సంగతి చెప్పాను. కమిషనరు మొహం ఎర్రబడింది. "ఎవరి సిఫార్సుతో ఇచ్చారది?" అన్నాడు. నేనే దొరికిపోయానని ఆయన ధీమా.

"మా ఆడపడుచు. పన్నుల విభాగంలో ఆఫీసరు. తను చేసింది తప్పని, తన పేరు ఇక్కడ చెప్పమని తనే రాసింది. ఆ నీళ్ళు మేం ఒక్క బిందె కూడా వాడలేదు. మూత బిగించి ఉంది, వచ్చి చూసుకోండి" అన్నాను.

మా ఎదురింటావిడ నా వంక అదోలా చూసింది. ఆ తలుపు వేసుకున్న రోజు నుంచీ మాటల్లేవు మాకు. అప్పుడు వాచీల తాతగారు లేచి, "చేసిన పొరపాటుని పేరుతో సహా చెప్పమనే ఆఫీసర్ని నా జన్మలో వినలేదు. ఈ బల్ల వెనక కూర్చున్నవాళ్ళలో అలాంటివాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. నీ స్నేహితుడు, ఆ ఇంజనీరు, ఒక్కడే లేచాడు. ఇచ్చింది తనేనని, వెనక రోడ్డు నుంచి వీధంతటికీ ఇవ్వచ్చని తను ముందే రాశానని చెప్పాడు.

ఇంక తప్పించుకునే దారి లేక, వెనక రోడ్డు నుంచి పెద్ద పైపు వెయ్యమని, అయ్యేదాకా మాకు నీటి పన్ను ఆపమని కమిషనరే అందరి ముందూ ఆర్డరు చదివాడు.

బయటికి వచ్చాక ఎదురింటావిడ నా చెయ్యి పట్టుకుంది. "మీ ఆడపడుచు ఏం తింటుందమ్మా, అంత ధైర్యం!" అంది. నాకైతే నువ్వు నా కడుపున పుట్టినంత గర్వంగా ఉంది. నీకేమైనా అవుతుందేమోనన్న భయం కూడా ఉంది. వెంటనే రాయి.

మీ వదిన


మే 20

వదినా,

గంతు వేశాను. కింది వాటావాళ్ళు వచ్చి ఏం పడిందని అడిగారు.

నీ భయం నిజమైంది, కానీ నువ్వనుకున్నంత కాదు. హోదా ఉంచారు, కుర్చీ మార్చారు. నన్ను దూరపు ఊరికి బదిలీ చేశారు, పాత సామాన్ల గిడ్డంగి చూసుకోవడానికి. కిటికీ ఉంటుందో లేదో తెలియదు. మా పై అధికారి, "నోరు మూసుకుని ఉంటే ఏమీ అయ్యేది కాదు" అన్నాడు జాలిగా. "మా వదినకీ ఆ విద్య ఈమధ్యే వచ్చింది సార్, నాకింకా రాలేదు" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

ఏడవలేదు. నిజంగా. ఆర్డరు సంచిలో పెట్టుకుని, ఆ టాక్సీ డ్రైవరు చిరునామా వెతికి, దీపాల విభాగం మేస్త్రీని వెంటబెట్టుకుని వాళ్ళ సందుకి వెళ్ళాను. మేస్త్రీ దారి పొడుగునా "ఇది మీ విభాగం కాదు కదా మేడమ్" అంటూనే ఉన్నాడు. "అవును, కాదు" అన్నాను. ఆ సందులో స్తంభాలు నిక్షేపంగా ఉన్నాయి, బల్బులు పెట్టేవాళ్ళే లేరు. పొద్దువాలేదాకా నిలబడ్డాను. దీపాలు వెలిగాయి. డ్రైవరు ఇంట్లోంచి ఒక కుర్చీ తెచ్చి సందు మధ్యలో వేసి కూర్చోమన్నాడు. ఆఫీసులో నా కుర్చీ మెత్తగా ఉందా అని అడిగావు చూడు, ఇది గట్టి చెక్క కుర్చీ వదినా. ఎంత బాగుందో చెప్పలేను.

అన్నయ్యకి బదిలీ సంగతి నెమ్మదిగా చెప్పు. లిఫ్టులో అందరికీ చెప్పుకున్నాడు కదా, ఇప్పుడేమంటాడో.

నీ పిచ్చుక


జూన్ 14

పిచ్చుకా,

మీ అన్నయ్య ఏమన్నాడా? మర్నాడు లిఫ్టు బాగుచెయ్యడానికి వెళ్ళి, "మా చెల్లెలికి బదిలీ అయింది. ఎందుకో అడగండి" అని ఎక్కిన ప్రతివాడినీ నిలబెట్టి చెప్పాడట. పై అంతస్తులో దిగాల్సినవాళ్ళు కథ సగంలో ఉందని మళ్ళీ కిందికి వచ్చారట. ముందు హోదా గురించి చెప్పినప్పటి కంటే ఇప్పుడే ఛాతీ ఎక్కువ పొంగింది. ఈయన మాటలు ఎక్కడ దాస్తాడో నాకిప్పుడు తెలిసింది.

నిన్న నీళ్ళు వచ్చాయి.

పైపు వెనక రోడ్డు నుంచి వేశారు కాబట్టి వీధిలో మొదటి ఇల్లు ఇప్పుడు మాదే. ముందు మా కొళాయికే రావాలి. వీధి వాళ్ళందరూ నవ్వుతున్నారు, "నువ్వెంత వద్దన్నా ముందు నీకే అమ్మా" అని. సరే, రానీ. నేను మాత్రం కొళాయి మీద చెయ్యి వేసి తిప్పకుండా నిలబడ్డాను. ఎదురింటావిడ కూడా తన కొళాయి తిప్పలేదు. అది చూసి ఆ కిందివాళ్ళు కూడా ఆగారు. ఎవరూ చెప్పుకోలేదు, అలా జరిగింది.

పైపులో నీళ్ళు దిగుతున్న చప్పుడు వినబడింది. మా ఇల్లు దాటింది, ఎదురిల్లు దాటింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత అట్టడుగు నుంచి, పగిలిన పైపు పక్కన ఉన్న ఇంటి నుంచి ఒక కేక వచ్చింది: "వచ్చాయీ!" ఆ పై ఇంటివాళ్ళు తిప్పారు. "వచ్చాయి!" ఆ పైవాళ్ళు. వాచీల తాతగారి గొంతు వేరేగా వినబడింది. కేక ఒక్కో గుమ్మమే ఎక్కుతూ, ఎక్కుతూ మా దగ్గరికి వచ్చింది. అప్పుడు తిప్పాను. చెయ్యి నిండా నీళ్ళు పిచ్చుకా, చల్లగా, బరువుగా. ఎవరి దయా లేని నీళ్ళు.

రెండు మెషిన్లూ తిరుగుతున్నాయి. ఈ ఉత్తరం వాటి గోల మధ్యలోనే రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

కొత్త ఊరికి మా మీదుగానే రైలు. మధ్యలో దిగు. గిడ్డంగిలో పాత సామాను ఎక్కడికీ పారిపోదు. ఇక్కడ మా వీధి మొదట్లో దిగి, లాండ్రీ ఆవిడ ఆడపడుచునని చెప్పు చాలు. దారి చూపించడమే కాదు, నీ పెట్టె కూడా పైకి మోస్తారు.

వచ్చి తనివితీరా స్నానం చెయ్యి.

నీ వదిన